వృక్షనారలు – ప్యాకింగు సామగ్రి: భద్రాచల ప్రాంత పరిశీలన

ఉపోద్ఘాతం

పంటను పండించడం ఒక ఎత్తు. దానిని చెడకుండా కొనేవాని ఇంటికి చేర్చడం మరొక ఎత్తు. ఖమ్మం మార్కెట్ యార్డుకు మిరపకాయ గోనె బస్తాలలో వస్తుంది. భద్రాచలం పరిసరాల సంతలకు గిరిజనులు తెచ్చే సరకు వెదురు బుట్టలలో వస్తుంది. అదే పట్టణంలోని మందుల దుకాణానికి మందులు అట్టపెట్టెలలో వస్తాయి. గోనె, వెదురు, అట్ట – ఈ మూడూ మొక్కల నారతో తయారైనవే. కనుక వృక్షనారతో ప్యాకింగు అనేది మనకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. దానిని ఈనాటి అవసరాలకు తగినట్లు, అడవికి చేటు కలుగనట్లు, వాడిన తరువాత చెత్తకుప్పగా మిగలనట్లు ఎలా మలచుకోవాలన్నదే ఇప్పటి సమస్య.

ఈ సమస్యను పరిశీలించడానికి మన ప్రాంతం కంటె తగిన చోటు అరుదు. గోదావరికి ఒక ఒడ్డున భద్రాచలం, ఎదుటి ఒడ్డున సారపాక. ఆ సారపాకలో 1979లో ఐ.టి.సి. సంస్థ ‘భద్రాచలం పేపర్ బోర్డ్స్’ అనే పేరుతో అట్టల పరిశ్రమను నెలకొల్పింది. 2002లో అది మాతృసంస్థలో విలీనమయింది. దేశంలో సబ్బులకు, మందులకు, ఆహార పదార్థాలకు వాడే పెట్టెల అట్టలలో చాలా భాగం ఇక్కడ తయారవుతున్నది. దీనికి అనతి దూరంలోనే అడ్డాకులు కుట్టే కోయ స్త్రీలు, వెదురు బుట్టలు అల్లే కొండరెడ్లు నివసిస్తున్నారు. భారీ యంత్రం, చేతి పని – రెండూ ఒకే నారను నమ్ముకొని బ్రతుకుతున్న ప్రాంతం ఇది.

ప్లాస్టిక్ స్థానంలో ‘మొక్కల నుంచి వచ్చినది’ అనే మాట వినగానే అది మంచిదేనని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం సరిపోదని ఈ వ్యాసంలో చూపదలచాం. ఏ ప్యాకింగు వస్తువునైనా మూడు ప్రశ్నలు అడిగి చూడాలి. దాని నార ఎక్కడిది? ఆ నారతో ఏమి కలిపారు? వాడిన తరువాత అది ఎక్కడికి పోతుంది? ఈ మూడింటికీ సరైన సమాధానం వచ్చినప్పుడే అది మేలైన వస్తువు.

నార స్వభావం

మొక్కల కణకవచాలలో ముఖ్యమైన పదార్థాలు మూడు: సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. కలపలో సెల్యులోజ్ సుమారు 40 నుంచి 50 శాతం, లిగ్నిన్ 20 నుంచి 30 శాతం ఉంటాయి. కట్టడంతో పోల్చి చెప్పాలంటే సెల్యులోజ్ ఇనుప చువ్వ వంటిది, లిగ్నిన్ ఆ చువ్వలను పట్టి ఉంచే సిమెంటు వంటిది. కాగితం చేయడమంటే ఆ సిమెంటును కరిగించి చువ్వలను విడివిడిగా బయటకు తీయడమే. ఇలా విడదీసిన నారను గుజ్జు అంటాం.

గుజ్జు తీసే పద్ధతులలో ముఖ్యమైనది క్రాఫ్ట్ పద్ధతి. 1879లో జర్మనీలో కార్ల్ డాల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో 160 – 170 డిగ్రీల వేడిమిలో ఉడికిస్తారు. జర్మను భాషలో ‘క్రాఫ్ట్’ అంటే బలం. నిజంగానే ఈ గుజ్జు గట్టిది. అయితే వేసిన కలప బరువులో దాదాపు సగమే గుజ్జుగా చేతికి వస్తుంది. మిగిలిన సగం నల్లని ద్రావణంగా మారుతుంది. దానిని మండించి ఆవిరిని, విద్యుత్తును పొంది, రసాయనాలను తిరిగి రాబడతారు.

నారల పొడవు కూడా ముఖ్యమే. వెదురు నార సగటున 2 మిల్లీమీటర్లు, జామాయిల్ నార 1 మిల్లీమీటరు లోపు ఉంటుంది. పొడవైన నార బలాన్ని, పొట్టి నార నునుపును ఇస్తుంది. అందువలననే మంచి అట్టలో ఒక్కొక్క పొరకు ఒక్కొక్క రకం గుజ్జు వాడతారు.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం ఒకటి ఉన్నది. తడి గుజ్జు ఆరుతున్నప్పుడు ఒక నార మరొక నారను ఏ జిగురూ లేకుండానే పట్టుకుంటుంది. దీనికి కారణం హైడ్రోజన్ బంధాలు. నీరు తగిలితే ఆ బంధాలు విడిపోతాయి. ఈ ఒక్క గుణమే కాగితానికి వరం, అదే శాపం. నీటిలో విడిపోతుంది కనుకనే పాత కాగితాన్ని తిరిగి గుజ్జు చేయగలుగుతున్నాం. నీటిలో విడిపోతుంది కనుకనే అందులో తేనీరు పోయలేకపోతున్నాం. తరువాతి చిక్కులన్నీ ఈ మూలం నుంచే పుట్టాయి.

కాగితం వచ్చిన దారి

చైనాలో క్రీస్తు శకం ఆరంభ శతాబ్దాల నాటికే వాడుకలో ఉన్న కాగితం సమర్‌ఖండ్, బాగ్దాద్ నగరాల మీదుగా పడమరకు వ్యాపించింది. పారశీక భాషలోని ‘కాగజ్’ ఉర్దూలో కాగజ్‌గానే నిలిచి, తెలుగులో కాగితమయింది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులు ఈ బంధుత్వాన్ని సులభంగా గుర్తిస్తారు. నిజాం పాలనలో 1930ల చివర స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు ఉన్న ఊరు కాగజ్‌నగర్ అయింది. తమిళనాడులో చెరకు పిప్పితో కాగితం చేసే ప్రభుత్వ మిల్లు ఉన్న ఊరు కాగితపురమయింది.

ఈ మిల్లులకు పూర్వమే తెలంగాణలో కోయిలకొండ, కోరుట్ల వంటి చోట్ల చేతి కాగితం తయారయ్యేది. ఆనాటి కాగజీలు అడవికి పోయి చెట్లు నరికించలేదు. పాత గోనెలు, తాళ్లు, చిత్తు కాగితాలు నానబెట్టి, దంచి, తిరిగి కాగితం చేసేవారు. ‘రద్దీ’ అని మనం పారవేసేది వారికి ముడిసరకు. అంటే పాతదానిని కొత్తగా మలచడం ఈనాటి పరిశోధనాలయాలలో పుట్టిన ఆలోచన కాదు.

మొదటి ప్రశ్న: నార ఎక్కడిది?

దక్షిణాదిన కాగితపు పరిశ్రమ చాలా కాలం అడవి వెదురును ఆధారం చేసుకొని పెరిగింది. కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం మిల్లులకు గోదావరి ఇరు గట్ల అడవులే ముడిసరకు నిచ్చాయి. మిల్లుకు వెదురు టన్నులలో లెక్క. కొండరెడ్ల కుటుంబానికి అదే వెదురు బుట్ట, తడిక, ఇంటి గోడ. లేత కొమ్ములు కూర కూడా. ఒకే పొదకు ఇద్దరు హక్కుదారులు ఉన్నప్పుడు బలం లేనివానికి మిగిలేది తక్కువ.

1988 నాటి జాతీయ అటవీ విధానం ఈ విషయంలో ఒక మలుపు. పరిశ్రమలు తమకు కావలసిన కలపను అడవుల నుంచి కాక, రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని పొలాలలో పెంచుకోవాలని అది సూచించింది. సారపాక మిల్లు 1989లో జామాయిల్ మీద పరిశోధన ప్రారంభించి, మేలైన చెట్ల కొమ్మల నుంచి వేళ్లు పుట్టించి మొక్కలను తయారు చేసింది. ‘భద్రాచలం క్లోన్లు’ అని పేరు పొందినవి ఇవే. విత్తనం నుంచి పెరిగిన తోటల కంటె వీటి దిగుబడి రెట్టింపునకు మించి ఉండటంతో అవి ఇతర రాష్ట్రాలకు కూడా వ్యాపించాయి. నాటిన నాలుగైదు ఏండ్లకు కోతకు వస్తాయి. మోడు నుంచి తిరిగి చిగురించి మరి రెండు మూడు కోతలు ఇస్తాయి. జామాయిల్‌తో పాటు సుబాబుల్, సరుగుడు తోటలు కూడా రైతులు పెంచుతున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దానిపై అడవి బిడ్డలకు హక్కు నిచ్చింది. అడవి వెలుపల పెరిగే వెదురును 2017లో చట్టపు ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగించడంతో రైతు దానిని పండించి అమ్ముకొనే వీలు కలిగింది.

ఇంతమాత్రాన సమస్య తీరిపోలేదు. తోట అడవి కాదు. అడవిలో ఉండే వంద రకాల ప్రాణులకు ఒకే జాతి చెట్ల వరుసలు ఆశ్రయం కాలేవు. జొన్న, కంది పండే నేలలో కర్ర పండితే తిండి గింజల మాట ఏమిటన్న ప్రశ్న కూడా ఉన్నది. పైగా కర్ర పండించిన రైతుకు కొనేవారు కొందరే. కమలాపురంలోని రేయాన్ గుజ్జు మిల్లు 2014లో మూతపడినప్పుడు, అదే ఏట కాగజ్‌నగర్ మిల్లు ఆగిపోయినప్పుడు కార్మికులతో పాటు కర్ర రైతుల బ్రతుకులు కూడా తలకిందులయ్యాయి. కాగజ్‌నగర్ మిల్లు 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చి తిరిగి ప్రారంభం కావడం కొంత ఊరట.

పొలంలో మిగిలిపోయే నార మాట కూడా చెప్పుకోవాలి. కాగితపురం మిల్లు 1984 నుంచి చెరకు పిప్పితో కాగితం తీస్తున్నది. మన జిల్లాలలో వరిగడ్డికి, పత్తి కట్టెకు కొదువ లేదు. అయితే వరిగడ్డిలో సిలికా ఎక్కువ. అది ద్రావణంలో చేరి, రసాయనాలను తిరిగి రాబట్టే గొట్టాలలో గట్టిగా పేరుకుంటుంది. పత్తి కట్టె తేలికైనా జాగా ఎక్కువ ఆక్రమించే సరకు. దానిని పొలాల నుంచి సేకరించి మిల్లుకు చేర్చే కూలి, బండి బాడుగ దాని ధరను మించుతాయి. ఈ రెండు చిక్కులను విప్పగలిగితే, ఏటా చేలలో తగులబెడుతున్న నార మనకు చేతికి వస్తుంది. రసాయన శాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె మంచి పరిశోధనాంశం దూరదేశాలలో వెదకనక్కరలేదు.

రెండవ ప్రశ్న: నారతో ఏమి కలిపారు?

కాగితాన్ని నీరు విడదీస్తుందని పైన చెప్పాం. దానికి విరుగుడుగా పరిశ్రమలు కాగితం లోపలి ముఖాన పాలిథీన్ అనే ప్లాస్టిక్ పొరను అంటిస్తున్నాయి. మనం ‘కాగితపు గ్లాసు’ అంటున్న దానిలో బరువులో 5 నుంచి 10 శాతం దాకా ఈ ప్లాస్టిక్కే. పైకి కాగితం, లోన ప్లాస్టిక్. గుజ్జు తొట్టిలో వేస్తే నీరు ఒక వైపు నుంచే లోనికి పోతుంది. నార విడిపోవడానికి చాలా సేపు పడుతుంది. పొర పీలికలుగా చీలి జల్లెడలకు అడ్డుపడుతుంది. ఇటువంటి గ్లాసును సామాన్యమైన మిల్లు తీసుకోదు. ఎరువు గుంటలో వేసినా కాగితం కుళ్లిపోయి, ప్లాస్టిక్ మిగిలిపోతుంది.

ఆరోగ్యపు మాట కూడా ఉన్నది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఇటువంటి గ్లాసులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో చేరుతున్నాయి.

1 జూలై 2022 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, గొట్టాలు మొదలైన ఒకసారి వాడి పారవేసే వస్తువులు నిషిద్ధమయ్యాయి. చట్టం మంచిదే. కాని ప్లాస్టిక్ గ్లాసు పోయి ప్లాస్టిక్ పొర గల కాగితపు గ్లాసు వస్తే, పేరు మారిందే గాని గుణం పూర్తిగా మారలేదు.

దీనికి బదులుగా రెండు మార్గాలున్నాయి. మొదటిది, గుజ్జు తొట్టిలో విడిపోయే పలుచని నీటి ఆధారిత పూతలను వాడటం. రెండవది, మట్టిలో సూక్ష్మజీవులు తినగల పూతలను వాడటం. సారపాక మిల్లు ‘ఒమేగా’, ‘ఫిలో’ అనే పేర్లతో అమ్ముతున్న అట్టలు ఈ రెండు దారులకు ఉదాహరణలు. అయితే తిరిగి గుజ్జు కావడం వేరు, ఎరువు కావడం వేరు. మొక్కజొన్న పిండి వంటి వాటి నుంచి చేసే పాలిలాక్టిక్ ఆమ్లపు పొర ఎరువు కావాలంటే సుమారు 58 డిగ్రీల వేడిమి నిలబెట్టే పెద్ద ఎరువుల కేంద్రం కావాలి. పెరటి గుంటలో అది ఏండ్ల తరబడి అలాగే ఉండగలదు. కనుక ‘మట్టిలో కలుస్తుంది’ అని డబ్బా మీద ముద్రించినంత మాత్రాన మనం నిశ్చింతగా ఉండరాదు. ఏ మట్టిలో, ఎంత వేడిమిలో, ఎన్ని దినాలకు అని అడగాలి.

నారను తెల్లగా చేసే పద్ధతి కూడా ఈ ప్రశ్నలోనిదే. పూర్వం క్లోరిన్ వాయువుతో తెల్లబరచేవారు. అందువలన డయాక్సిన్ల వంటి విషపదార్థాలు మురుగునీటిలో చేరేవి. సారపాక మిల్లు 2002లో క్లోరిన్ వాయువును విడిచిపెట్టింది. 2008లో ఓజోన్‌తో తెల్లబరచే పద్ధతిని దేశంలో మొదటిసారిగా ప్రవేశపెట్టింది. గోదావరి ఒడ్డున ఉన్న పరిశ్రమకు ఈ మార్పు ఎంత అవసరమో, ఆ నీరు త్రాగే మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ ప్రశ్న: వాడిన తరువాత ఎక్కడికి?

ముడతల అట్టపెట్టె చరిత్ర చిన్నదే. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన సీసాలు పగులకుండా చుట్టడానికి ముడతల కాగితాన్ని కనిపెట్టాడు. 1874లో ఆలివర్ లాంగ్ దానికి చదునైన కాగితాన్ని అంటించాడు. ఈనాడు లోకమంతా తిరిగే సరకులో ఎక్కువ భాగం ఈ పెట్టెలలోనే తిరుగుతున్నది. దీనిలో ఉన్నది నార, పిండి జిగురు మాత్రమే. అందువలన పాత పెట్టెకు కూడా ధర ఉన్నది. పాత సామాన్లు కొనేవాడు మన వాకిట నిలబడి అడిగి మరీ కొనుక్కుపోతాడు.

అయితే నార అమరం కాదు. ఆరిన ప్రతిసారీ అది కొంత బిరుసెక్కుతుంది, తిరిగి నీటిని పీల్చుకొనే శక్తి తగ్గుతుంది. దంచిన ప్రతిసారీ కొంత పొట్టిదవుతుంది. సుమారు అయిదారు పర్యాయాలు తిరిగి వచ్చిన తరువాత దాని బలం ఉడిగిపోతుంది. కనుక కొత్త నార కొంత ఎప్పుడూ కలుపవలసినదే. పాతదానిని తిరిగి వాడితే చెట్టు అక్కరే లేదనడం అతిశయోక్తి. పాతదానిని పారవేసి ప్రతిసారీ కొత్త చెట్టును నరకడం అవివేకం.

మన దేశపు మిల్లులు విదేశాల నుంచి ఓడలలో పాత కాగితాన్ని తెప్పించుకుంటున్నాయి. అదే సమయంలో మన వీధులలో కాగితం కాలిపోతున్నది, పప్పు పులుసుతో తడిసి కుళ్లిపోతున్నది. మిల్లు లోపమో యంత్రం లోపమో కాదిది. పొడి కాగితాన్ని తడి చెత్తతో కలిపివేసే మన అలవాటు లోపం. నూనె ఓడుతున్న ఒక్క పొట్లం కట్టెడు కాగితాన్ని చెడగొట్టగలదు.

విస్తరాకు సంగతి

యంత్రాలను గురించి ఇంత చెప్పి అడ్డాకును మరువరాదు. శాస్త్రజ్ఞులు బహీనియా వాహ్లీ అని పిలిచే ఈ తీగ భద్రాచలం నుంచి పాడేరు దాకా తూర్పు కనుమల అడవులలో పెరుగుతుంది. దాని ఆకులను ఎండబెట్టి సన్నని పుల్లలతో కుట్టితే విస్తరి; మడిచి గుచ్చితే దొన్నె. మోదుగ ఆకుతోనూ అలాగే కుడతారు. చెట్టు నరకనక్కరలేదు, గుజ్జు తీయనక్కరలేదు, రసాయనం అక్కరలేదు. భోజనానంతరం పశువు తింటుంది, లేదా కొద్ది వారాలలో మట్టిలో కలుస్తుంది. పైన అడిగిన మూడు ప్రశ్నలకూ తడుముకోకుండా సమాధానం చెప్పగల వస్తువు ఇదే.

గిరిజనుల వద్ద అటవీ ఉత్పత్తులను కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయినా ఆకు ఏరి, ఎండబెట్టి, కుట్టే స్త్రీకి దక్కే ప్రతిఫలం ఆమె శ్రమకు తూగదు. మరొక ప్రమాదం కూడా వచ్చింది. ఆకుకు గట్టిదనం కోసం కింద అట్టను, మధ్య ప్లాస్టిక్ పొరను పెట్టి యంత్రంతో అదిమిన విస్తర్లు బజారులో కనిపిస్తున్నాయి. పైన ఆకు కనిపిస్తుంది కనుక కొనేవారు మోసపోతారు. మంచి ఆకును ప్లాస్టిక్‌తో జత చేస్తే అది ఇక ఎరువు కాదు, కాగితమూ కాదు.

ఒక చిన్న పరీక్ష

ఈ విషయాలను చదివి నమ్మడం కంటె చేసి చూడటం మేలు. మూడు పాత్రలు తీసుకోవాలి. ఒకదానిలో వార్తాపత్రిక ముక్కలు, రెండవదానిలో పాత అట్టపెట్టె ముక్కలు, మూడవదానిలో కాగితపు గ్లాసు ముక్కలు వేసి, గోరువెచ్చని నీరు పోసి ఒక రాత్రి నాననివ్వాలి. ఉదయం కర్రతో బాగా కలియబెట్టాలి. మొదటి రెండూ మెత్తని గుజ్జు అవుతాయి. మూడవదానిలో కాగితం విడిపోయిన కొద్దీ పలుచని, పారదర్శకమైన పొర బయట పడుతుంది. దానిని చేతితో లాగి చూడవచ్చు. ఆ పొర సాగుతుందే గాని కరగదు. మొదటి రెండు పాత్రల గుజ్జును పలుచని గుడ్డ మీద పరచి, నొక్కి, ఎండబెట్టితే విద్యార్థి తన చేతులతో చేసిన అట్ట అతనికి దక్కుతుంది. జిగురు లేకుండా అది ఎలా అతుక్కున్నదో ఆలోచిస్తే హైడ్రోజన్ బంధం పాఠం మరి మరువడు.

కళాశాలకు మా మనవి

ఈ పరిశీలన కాగితం మీదనే ఉండిపోరాదని తలచి, కళాశాల కార్యవర్గం వారి ముందు నాలుగు సూచనలు ఉంచుతున్నాం.

1. వార్షికోత్సవ విందులలో పొర లేని అడ్డాకు విస్తర్లనే వాడాలి. వీలయినంతవరకు కుట్టినవారి వద్దనే, తగిన ధరకు కొనాలి.

2. నీటికి, తేనీటికి స్టీలు గ్లాసులు ఉంచాలి. వాటిని కడిగే మనిషికి కూలి చెల్లించవలసి వస్తుందని మాకు తెలుసు. ఆ ఖర్చును పారవేసే గ్లాసుల ఖర్చుతో ఏడాది పొడవునా సరిపోల్చి చూడవలసినదిగా కోరుతున్నాం.

3. ప్రతి తరగతి గదిలో పొడి కాగితానికి వేరుగా ఒక పెట్టె ఉంచాలి. రద్దీ అమ్మగా వచ్చిన సొమ్మును గ్రంథాలయానికి చేర్చాలి.

4. జాతీయ సేవా పథకం విద్యార్థులు పట్టణంలో అమ్మే గ్లాసులకు, విస్తర్లకు పై పరీక్ష జరిపి, ఫలితాలను తెలుగు, ఉర్దూ భాషలలో ప్రదర్శించాలి.

ముగింపు

పెండ్లి పందిరిలోనైనా, వలీమా దావత్‌లోనైనా, శ్రీరామనవమికి వచ్చిన యాత్రికుల పంక్తిలోనైనా, భోజనం అరగంటలో ముగుస్తుంది. వడ్డించిన పాత్ర మాత్రం ఆ తరువాత కూడా లోకంలో ఉంటుంది. అది మట్టికి పోతుందా, మిల్లుకు పోతుందా, గోదావరికి పోతుందా అన్నది దానిని ఎన్నుకొన్న క్షణంలోనే నిర్ణయమవుతున్నది. పొలం నుంచి వచ్చిన నార మిల్లుకు తిరిగి రావాలి. అడవి నుంచి వచ్చిన ఆకు మట్టికి తిరిగి పోవాలి. ఈ రెండు దారులనూ ప్లాస్టిక్ పొరతో మూసివేయకుండా ఉండటం పరిశ్రమల బాధ్యత. మూసివేసిన వస్తువును గుర్తించి కొనకుండా ఉండటం చదువుకున్నవారి బాధ్యత. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు ఈ రెండవ బాధ్యతను ఈ ఏడాదే స్వీకరించగలరని ఆశిస్తున్నాం.